కార్వెల్ పత్రిక

బిషాన్,
సింగపూర్, జూన్ 2001, మంగళవారం.

ప్రేమ్,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎదురుగా అడిగితే అరుస్తావు, తర్వాత తలుపేసుకుంటావు. అందుకే ఈ ఉత్తరం నీ డబ్బా సంచిలో పెడుతున్నాను. తినే ముందు చదువు.

నేను మా అమ్మను చూసి వచ్చేలోపు నా పిహెచ్‌.డి. మైక్రోఫిల్ములన్నీ అమెరికా లైబ్రరీకి తిప్పి పంపేశావు. పైగా నన్నడక్కుండా జావా కోర్సులో చేర్పించావు. "ఎప్పుడో చచ్చిపోయిన రైల్వే ఊరు ఎవడిక్కావాలి నిఖిలా? జావా వస్తే చాలు, పిలిచి ఉద్యోగాలిస్తున్నారు" అన్నావు. ఆ మాట నాకింకా మండుతూనే ఉంది. ఆ రీళ్లు లేకపోతే నా థీసిస్ లేదని నీకు తెలుసు.

ఆ రీళ్లలోని కార్వెల్ పత్రిక ప్రతి వారం తన ఊరు వెలిగిపోతోందని రాసేది. రెండో హోటలు వస్తోందనీ, అక్కడి గాలి అమృతమనీ. ఇళ్ల స్థలాలు అమ్ముకునేవాడే ఆ పత్రిక నడిపాడు మరి. అందుకే చరిత్ర రాసే మేం పత్రికను నమ్మి ఊరుకోం. అగ్నిప్రమాద బీమా వాళ్లు ఇల్లిల్లూ గీయించిన పాత పటాలు తీసి చూస్తాం, హోటలన్న చోట ఖాళీ స్థలం ఉంటుంది. శ్మశానంలో రాళ్లు చదువుతాం, అమృతం పీల్చిన పసిపిల్లలు అక్కడ వరసగా ఉంటారు.

ఇప్పుడు నువ్వూ ఆ పత్రికలాగే తయారయ్యావు. కొత్త ప్రాజెక్టు వచ్చింది, బాస్ మెచ్చుకున్నాడు, రోజూ ఇవే వార్తలు. ఊరి నడిబొడ్డున తంజోంగ్ పగార్ ఆఫీసుకెళ్లే మనిషి బూట్లకి ఎర్రమట్టి ఎక్కడిది? నిన్న లిఫ్టులో కింది ఫ్లాట్ లలితకుమారి ఆంటీ తన సింగపూర్ యాసలో అడిగింది.

"మీ ప్రేమ్ క్రాంజీ బస్సులో కనబడ్డాడు లా, టై కట్టుకుని. ఆఫీసు అక్కడికి షిఫ్టయిందా?"

అయిందని అబద్ధమాడాను. తోటలూ శ్మశానమూ తప్ప ఏమీ లేని చోట నీకేం పని? ఎవరో ఉన్నారు. ఆమె పేరు చెప్పు, సామాను సర్దుకుని యూనివర్సిటీ హాస్టలుకి పోతాను.

నిఖిల


బిషాన్,
శుక్రవారం.

ప్రియమైన ప్రేమ్,

నువ్వు జవాబివ్వలేదు. అందుకే నిన్న నీ వెనకాలే వచ్చాను. బస్సు దిగి సైనికుల శ్మశానంలోకి వెళ్లావు. బెంచీ మీద రుమాలు పరుచుకుని, టై వదులు చేసుకుని కూర్చున్నావు. ఆమె ఎప్పుడొస్తుందా అని దూరం నుంచి చూస్తూ నిలబడ్డాను. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం డబ్బా తెరిచి, నా ఉత్తరం ఒళ్లో పెట్టుకుని పెరుగన్నం తిన్నావు. ఆఫీసులు వదిలే వేళకి లేచి, టై బిగించుకుని బస్సెక్కావు.

దగ్గరికొస్తే కొట్టేదాన్నేమో. రాలేదు. ఇవాళ పొద్దున నువ్వు బయల్దేరకముందే మీ ఆఫీసులో పనిచేసే కోటేశ్వరికి ఫోన్ చేశాను. మార్చిలోనే నీతో సహా సగం మందిని తీసేశారట. మనకి ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే పి.ఆర్. ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే దేశం వదలాల్సొచ్చి అప్పుడే బయటపడేది.

ఉద్యోగం పోయినందుకు నాకు కోపం లేదు. నిన్ను వీధిన పడేసిన సాఫ్ట్‌వేర్ పనిలోకే నన్ను తోసి, దానికోసం నా రీళ్లు పంపేశావు చూడు, ఆ కోపం అంత తేలిగ్గా పోదు. రైలు దారి మళ్లి ఊరు ఖాళీ అయిపోతున్నా కార్వెల్ పత్రిక ఆఖరి సంచికలో కూడా రెండో హోటలు వస్తోందనే రాసింది. చదివేవాళ్లు అప్పటికే వెళ్లిపోయారు.

జావా మానేశాను. రీళ్లు మళ్లీ తెప్పించమని లైబ్రరీ వాళ్లని బతిమాలాల్సింది నువ్వే. ఇప్పుడు తీరికే కదా.

నీకు కట్టే ఆఖరి డబ్బా ఇదే. రేపటి నుంచి ఆకలేస్తే ఇంట్లో, నా ఎదురుగా కూర్చుని తిను.

నీ
నిఖిల