ఐడిలింగ్ మీద పది రోజుల పంతం

5, శుక్రవారం. సాయంత్రం 5.40
ఈ రోజు నుంచి కొత్త జీవితం! పదహారేళ్ల నా బండిని నా చేతులతోనే బాగుచేస్తాను. మెకానిక్ గడప తొక్కను.

రోగం: ఐడిలింగ్ ఎక్కువ. యాక్సిలరేటర్ ముట్టుకోకపోయినా ఇంజను రంకెలు వేస్తోంది.

గడువు: 15, సోమవారం. ఆ రోజు మా ఆవిడ ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగంలో చేరుతోంది. ఏడింటికల్లా డ్యూటీలో ఉండాలి, ఆ వేళకి అటు బస్సు లేదు. ఈ బండి మీదే వెళ్లాలి. ఆమెకి లైసెన్సు వచ్చింది గానీ ధైర్యం ఇంకా రాలేదు. నిన్న సందులోంచి బండిని మలుపు తిప్పి తీస్తూ ఫస్ట్ గేరు వేసిందో లేదో, అది ఒక్క ఉదుటున వెళ్లి ఎదురింటి గేటుని గుద్దింది.

"నావల్ల కాదండీ. రానని ఫోన్ చేసి చెప్పేస్తాను" అంది. పన్నెండేళ్ల తర్వాత దొరికిన ఉద్యోగం! "నేనున్నానుగా, వారంలో బాగుచేసిస్తా" అన్నాను.

నియమం ఒక్కటే. రోజుకి ఒక్క మార్పు, అది ఇక్కడ రాయాలి. ప్రయోగంలో ఒకేసారి రెండు మార్చకూడదని తొమ్మిదో తరగతికి ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. సైన్సు మాస్టారంటే ఏమనుకున్నారు!

6, శనివారం. ఉదయం 6.15
మెట్ల కింద సందే వర్క్‌షాపు. ఐడిలింగ్ స్క్రూ అర చుట్టు వెనక్కి తిప్పాను. గోల బంద్! ఆరు నిమిషాల పని. దీనికి మెకానిక్‌లు బండిని రోజంతా ఎందుకు ఉంచుకుంటారో!

6.50
వీధిలోకి తీశాను. పాల బూత్ దగ్గర ఆగిపోయింది. మలుపులో ఆగిపోయింది. ఆ తర్వాత ఏ కారణమూ లేకుండా ఆగిపోయింది. తోసుకుంటూ ఇంటికొచ్చాను. సందులో పెట్టి కిక్ కొడితే, ఏమీ ఎరగనట్టు చక్కగా నడిచింది.

7, ఆదివారం
స్క్రూ పావు చుట్టు ముందుకి. వీధిలో భేష్. సందులోకి రాగానే రంకెలు. వెనక్కి తిప్పాను. వీధిలో చచ్చింది. మళ్లీ ముందుకి. మళ్లీ వెనక్కి.
(స్క్రూ ఒకటే కాబట్టి ఇదంతా ఒక్క మార్పు కిందే లెక్క.)

పైవాటా పెద్దాయన రిటైరైన బస్సు డ్రైవరు. మెట్ల మీంచే నాడి పట్టేశాడు. "ఎక్కడో గాలి పీలుస్తోంది మాస్టారూ. కార్బురేటర్ విప్పండి" అన్నాడు. నేను విననట్టు నటించాను.

9, మంగళవారం. సాయంత్రం 6.00
కార్బురేటర్ విప్పాను. విప్పాను కదా అని కడిగాను. కడిగాను కదా అని ఎయిర్ ఫిల్టర్ దులిపాను. చేతులు ఎలాగూ మసి అయ్యాయి కదా అని ప్లగ్గు మార్చాను. అన్నీ పక్కపక్కనే ఉన్నాయి, వేరువేరని ఎలా అంటాం?
ఫలితం: అవే రంకెలు. అదనంగా, మా ఆవిడ టీ గిన్నెలో పెట్రోలు వాసన.

10, బుధవారం
స్కూల్లో పేపర్లు దిద్దాలి. తీరిక లేదు.

10, బుధవారం. సాయంత్రం
పేపర్లేమీ లేవు. పడుకున్నాను.

11, గురువారం
ఐడిలింగ్ ఎక్కువుంటే అసలు నష్టమేమిటి? చలికాలం బండి త్వరగా వేడెక్కుతుంది. హారన్ కొట్టే పని తప్పుతుంది. ఇదే మాట మా ఆవిడతో అన్నాను. ఆమె నవ్వలేదు. యూనిఫాం కోటుకి ఇస్త్రీ చేసి, మడిచి, మళ్లీ బీరువాలో అడుక్కి పెట్టేసింది. అది చూశాక అన్నం సయించలేదు.

13, శనివారం. ఉదయం 8.30
వీధి చివర మెకానిక్‌ని అందరూ డాక్టరనే పిలుస్తారు. ఆయన దగ్గరికి వెనక వీధిలోంచి, ఎవరూ చూడకుండా బండి తోసుకెళ్లాను. ఇది ఓడిపోవడం కాదు, సలహా తీసుకోవడం.
షట్టర్ మూసి ఉంది. చెల్లెలి పెళ్లికెళ్లాడట, మంగళవారం వస్తాడట. నా మొహానికి ఓడిపోయే యోగం కూడా లేదు.

14, ఆదివారం. ఉదయం 10.20
బండి స్టార్ట్ చేసి దాని ముందు గొంతుక్కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి కాసేపు చూసింది.

"ఏమండీ, మీరు ఎప్పుడూ హ్యాండిల్ ఎడమకి తిప్పేసి ఎందుకు చూస్తారు?"

"తిప్పకపోతే పైవాటావాళ్లు మెట్లెక్కలేరు. ఇరుకు సందు కదా!"

"వీధిలో తిన్నగానే ఉంటుందిగా?" అని హ్యాండిల్ తిన్నగా పెట్టింది. గోల తగ్గింది. ఎడమకి తిప్పింది. రంకె. తిన్నగా పెట్టింది. తగ్గింది. నాలుగుసార్లు అలాగే చేసింది, ఇంకేదీ ముట్టుకోలేదు.

ఎడమకి తిప్పితే యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుంటోంది. బిగుసుకోదా మరి! నిరుడు నడుం నొప్పని ఎత్తు హ్యాండిల్ బిగించింది నేనే. కేబుల్ మాత్రం పాతదే, పొట్టిది. బండికి రోగం అంటించింది నేను, తొమ్మిది రోజులు వైద్యం చేసిందీ నేనే. ఎక్కడైనా దాక్కుందామనిపించింది. దాక్కోవడానికి ఉన్నదల్లా ఆ సందే.

సాయంత్రం 4.00
అటక మీంచి పాత హ్యాండిల్ దించి బిగించాం. కేబుల్ వదులైంది. స్క్రూ ఆమే తిప్పింది. ఫస్ట్ గేరు వేసింది. బండి మెల్లగా కదిలింది. వీధి చివరిదాకా వెళ్లి, తిప్పుకుని వచ్చింది. ఏడ్చానని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

15, సోమవారం. ఉదయం 7.05
ఫోన్. "చేరిపోయానండీ! ఒక్కచోట కూడా ఆగలేదు."
నేను నడిచి స్కూలుకి. నడుం నొప్పి. చాలా సంతోషం.

15, సోమవారం. సాయంత్రం 5.30
ఆమె వచ్చింది. "బండి బాగుంది. వెనక బ్రేకే కాస్త కీచుమంటోంది."

ఈ రోజు నుంచి కొత్త జీవితం! బ్రేకుని నా చేతులతోనే బాగుచేస్తాను. మెకానిక్ గడప తొక్కను. రోజుకి ఒక్క మార్పే.

5.45
స్పానర్ ఆమె చేతిలో ఉంది. నన్ను మెట్టు మీద కూర్చోబెట్టింది.
"నేను విప్పుతాను. మీరు రాయండి" అంది.
రాస్తున్నాను.