మిర్చి బండి అక్క ఆడిన అబద్ధం

మహబూబాబాద్, ఆదివారం రాత్రి

కోపం ఇంకా చల్లారలేదు.

సాయంత్రం అంగడంతా ఒక్కదాన్నే తిరిగాను. ఉడికించిన పల్లీలు కొన్న దగ్గర నుంచి ఒకడు వెంటపడ్డాడు. మిర్చి బండి దగ్గర ఆగితే వచ్చి పక్కనే నిలబడ్డాడు.

"ఒక్కదానివే తిరుగుతున్నవ్. ఎవరి బిడ్డవు?"

"నీకెందుకు? అంగడేమన్న నీ జాగీరా?" అని అరిచాను. వాడు నవ్వాడే గానీ కదల్లేదు. చుట్టూ తింటున్న వాళ్లు తల కూడా ఎత్తలేదు. స్వేచ్ఛ గురించి ఇన్ని కరపత్రాలు చదివాను, ఒక్క వాక్యమూ అక్కరకు రాలేదు.

బజ్జీలు తీస్తున్న అక్కే గరిటె ఎత్తింది. "గామె మా చెల్లె బిడ్డ. నీకేం పనిరా? నడువ్ ఈడికెల్లి!"

వాడు జనంలో కలిసిపోయాడు.

నేను వద్దంటే కదలనివాడు చుట్టరికం వినగానే కదిలాడు! ఆ మంట ఆమె మీదే చూపించాను. "ఎవరి బిడ్డనో చెప్పే పని లేదక్కా. నేనేం భయపడలే. ఊరు చూడ వచ్చినదాన్ని, పొద్దున బస్సుకు పోతా."

"నీకేం భయం బిడ్డా, పొద్దుగాల బస్సెక్కి పోతవ్. నాకు చెల్లెనే లేదని రేపటికల్లా ఎవరో ఒకరు వానికి చెప్తరు. మల్ల నా బండి కాడికే వస్తడు."

లాడ్జికొచ్చి, భూపాలపల్లి బస్సుకని సర్దిన సంచి మళ్లీ విప్పాను. రేపు ఉండిపోయి, వాడు వినేలా ఆమెను 'పెద్దమ్మా' అని పిలుస్తాను. పిలుస్తాను సరే, ఎల్లుండి...?