అల్లుడికి వాము నీళ్లు

నీల్ దీవి, అండమాన్

అంకిసలో వాకిలి ఊడ్చి, చేతులు కడుక్కుని ఇది విప్పుతున్న మా అమ్మకు,

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. ఇక్కడ సిగ్నల్ వచ్చినట్టే వచ్చి పోతుంది. వచ్చినప్పుడు గౌరవ్ పక్కనే ఉంటాడు. పెళ్లయి నెల తిరగని దాన్ని, భర్త పక్కనుంటే బాగున్నాననే చెబుతాను. బాగానే ఉన్నాను కూడా. అయినా ఒక మాట ఉంది, అది ఫోన్‌లో చెప్పేది కాదు.

ముందు తిండి సంగతి. నువ్వు మొదట అడిగేది అదే కదా. పెద్ద హోటళ్ల జోలికి మేం పోవడం లేదు. జెట్టీ దగ్గర, బజారు వెనక, రేకుల షెడ్లున్నాయి. ఇసుకలోనే ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. కాలు దిగబడి కుర్చీ వాలితే కింద కొబ్బరి చిప్ప పెడతారు. పొద్దున పడవల్లో ఏ చేప దొరికితే మధ్యాహ్నం అదే కూర. అన్నం, పప్పు, పచ్చి బొప్పాయి కూర, పైన వేయించిన ముక్క ఒకటి. మన గోదారి చేప రుచి కాదు. నాన్న తింటే "గిదేం చేప, దూది నమిలినట్టున్నది" అంటాడు. ఎక్కువ షెడ్లు బెంగాలీ వాళ్లవే. ఒకటి మాత్రం ఎప్పుడో శ్రీకాకుళం నుంచి వచ్చినామెది. మా మాట చెవిన పడగానే గరిటెతోనే బయటికొచ్చింది.

"ఏటమ్మా, తెలుగోలేనా? ఏ ఊరు మీది?"

గౌరవ్ వాళ్ల సిరోంచ పేరు చెబితే ఆమెకు తెలియలేదు. మహారాష్ట్ర అన్నాను. "మరి తెలుగేటి?" అని ఒకటే నవ్వు.

గౌరవ్‌ను చూడాలమ్మా ఇక్కడ. డ్రైవర్లు, పడవ వాళ్లు కూచునే బెంచీ మీద వాళ్ల మధ్య ఇరుక్కుంటాడు. పీత కాళ్లు పళ్లతో పటపటా కొరుకుతాడు. పక్కవాడి పులుసు ఎట్లా ఉందని అడిగితే, అతను ఇంత తీసి ఇతని పళ్లెంలో వేశాడు. తిన్నాడు. ఎవరు వండారు, ఎవరి చేయి తగిలింది, ఏమీ అడగడు. మొదట్లో నాకు ఎంత సంతోషమేసిందో! నిన్న ఆమె రెండోసారి అన్నం పెడుతుంటే, "ఇంకింత ఎయ్యక్కా, కడుపు నిండలే" అన్నాడు. అక్కడ నా చేయి ఆగిపోయింది.

మన ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఇతనికి కడుపు బాగుండలేదు కదమ్మా. పెళ్లి మాటలకు వచ్చినప్పుడు. రిజిస్టర్ పెళ్లయి గడ్చిరోలి నుంచి వచ్చిన రోజు, నువ్వు కోడి కోసి వండితే అప్పుడూ కడుపు బాగాలేదని ముద్ద ముట్టలేదు. "అయ్యో కొడుకా" అంటూ నువ్వు వాము నీళ్లు కాచి ఇచ్చావు, తాగాడు. దారిలో పనికొస్తుందని వాము పొట్లం కూడా కట్టిచ్చావు. అది బ్యాగులో అట్లాగే ఉంది. ఈ మనిషి రాళ్లు తిన్నా అరిగించుకుంటాడు. ఒక్క మన ఇంట్లోనే అరగదు.

ఇది నీకు రాయాలా వద్దా అని చాలా కొట్టుకున్నాను. పొయ్యి ముందు కూచుని అల్లుడి కోసం నీళ్లు కాచిన దానివి, ఇది చదివి ఏమైపోతావోనని. కానీ ఒక్కదాన్నే మోయలేను. రేపు అతన్నే అడుగుతాను.

నీ జ్యోత్స్న


పోర్ట్‌బ్లెయిర్

అమ్మా,

ఇది ఆపకుండా చదువు. అయిపోయాకనే నాన్నకు చెప్పు.

అడిగాను. ఆ శ్రీకాకుళం ఆమె షెడ్డులోనే, అన్నం ముందు కూచునే.

"కడుపు బాగున్నదా?"

"మస్తున్నది. ఏందట్ల అడుగుతున్నవ్?"

"అంకిసల ఎందుకు బాగుండది?"

ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు. "జ్యోత్స్నా, తిరగనీకి వచ్చినం. గిదంతా ఇప్పుడెందుకు?"

"ఈమెది ఏ కులమో అడిగినవా?"

"ఈడ ఎవడడుగుతడు? ఈడ మనల్ని చూసేటోడెవడున్నడు?"

అప్పుడర్థమైందమ్మా. తప్పు అని కాదు, చూస్తారని. అతని కడుపుకు కులం లేదు, అతని ఊరికి ఉంది. అంకిసలో తింటే సాయంత్రానికి సిరోంచ బజారంతా తెలుస్తుందట. వాళ్లమ్మ అన్నం మానేస్తుందట. "నీకోసం ఇంట్ల ఎంత కొట్లాడిన్నో నీకు ఎర్కలేదా? జర టైమ్ ఇయ్యి" అన్నాడు. కొట్లాడాడు, నిజమే. అది కాదనను.

తర్వాత, దాచి లాభం లేదనుకున్నాడో ఏమో, దావత్ సంగతి కూడా చెప్పేశాడు. మేం తిరిగి వెళ్లాక వాళ్లింట్లో పెట్టే విందు రెండు పూటలట. మధ్యాహ్నం మీకు, మన చుట్టాలకు. సాయంత్రం వాళ్ల వాళ్లకు, షాపుల వాళ్లకు. "ఎవరికీ తక్కువ చెయ్యం" అన్నాడు. మధ్యాహ్నం నేనెక్కడ ఉంటానని అడిగాను. "నువ్వు సాయంత్రం ఉంటె చాలు. రెండు పూటలంటె అలిసిపోతవ్."

హోటలామె గిన్నెతో వచ్చి ఇద్దరి ముఖాలూ చూసింది. "ఉప్పెక్కువైందేటమ్మా?"

"లేదక్కా, మంచిగున్నది" అన్నాడు గౌరవ్.

మన తాతలు గౌరవ్ వాళ్ల పొలాల్లో కూలికి పోయారు. ఆ ఇంటి వెనక వాకిట్లో తిన్నారు. నాన్న చదివాడు, ఉద్యోగం చేశాడు. నేను నాగ్‌పూర్‌లో ఎం.ఏ. చదివాను. ఇంత చేసి మనం వెనక వాకిలి నుంచి మధ్యాహ్నం పూటకు వచ్చాం.

నేను సిరోంచలో దిగను. ఆ ఇంట్లో అడుగు పెట్టను. ఈ ఉత్తరం నా వెనకాలే వస్తుందేమో. అయినా రాస్తున్నాను. నీ ముఖం చూస్తే ఇంత చెప్పలేను.

జ్యోత్స్న


అంకిస

గౌరవ్‌కు,

నీది మరాఠీ బడి చదువు, తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. తెలిసే తెలుగులో రాస్తున్నాను. మీ అమ్మ కుసుమాంబ గారు మంచిర్యాలలో చదువుకున్నారు కదా, ఆమెతో చదివించుకో. అత్తమ్మా, మెల్లగా కాదు, బయటికి వినపడేట్టు చదవండి.

సిరోంచ బస్టాండులో నువ్వు దిగావు, నేను దిగలేదు. నేను ఇంటికి చేరిన తర్వాత నా ఉత్తరాలు రెండూ ఒకేసారి వచ్చాయి. అమ్మ గడప మీద కూచుని చదివింది. ఏడుస్తుందనుకున్నాను. అద్దాలు తీసి నవ్వింది.

"వాని కడుపుకు ఏ రోగం లేదని నాకు మొదటి దినమే ఎర్క, బిడ్డా."

"మరి వాము నీళ్లెందుకు కాసినవ్?"

"అన్నం పెడితె వద్దంటడు. వద్దంటె మీ నాయన ఇజ్జత్ పోతది, వాని ముఖం చిన్నబోతది. మందైతె ఎవరి చేతిదైన తాగొచ్చు. వాళ్లింటి ముసలమ్మ మా అత్త చేతి నీళ్లు ముట్టలే. కాన్పుల మా అత్త కాసిన కషాయం మాత్రం గటగట తాగింది. మందుకు కులముండది."

ఇన్నాళ్లూ మా అమ్మ నిన్ను నమ్మిందనుకున్నాను. నిన్ను కాపాడింది.

నేను ఇక రానని, ఇక్కడే ఉంటానని చెప్పాను. మా నాన్న భీమ్‌రావు నా బ్యాగు తీసుకెళ్లి లోపల పెట్టాడు. అమ్మే కసిరింది. "నువ్వీడ కూసుంటె వాళ్లకు సల్లగైతది. రెండు పూటల దావత్ ఒక్క పూటయితది, మనం లేని పూట. గంతే."

అందుకని మాట మార్చుకున్నాను. దావత్‌కు వస్తున్నాను, సాయంత్రమే. అమ్మా నాన్నా నాతో వస్తారు. మీ చుట్టాల పంక్తిలోనే కూచుంటాం. ఎవరైనా లేపితే ముగ్గురం లేస్తాం. లేచిన తర్వాత నేను మళ్లీ రాను. నిన్ను ఇష్టపడే ఈ మాట రాస్తున్నాను, కోపంతో కాదు.

దానికంటే ముందు నువ్వొక పని చెయ్యాలి. ఆదివారం పగటిపూట ఇక్కడికి రా. బండి మా గుమ్మం ముందే పెట్టు, సందులో దాచకు. అరుగు మీద కూచుని తిను. బస్సులో పోయేవాళ్లు చూడనీ, సాయంత్రానికి సిరోంచకు తెలియనీ. అత్తమ్మా, మీరూ రావచ్చు. ఈసారి అమ్మ మందు కాయదు, అన్నమే వండుతుంది.

ఇది రాస్తుంటే అమ్మ లోపలి నుంచి అడుగుతోంది, "అల్లునికి కారం తక్కువెయ్యాల్నా?" అని. నాకు తెలియదన్నాను. మేం తినేంత వెయ్యమన్నాను.

జ్యోత్స్న