నాలుగు తప్పులు

చెల్లె రమా,

నువ్వు జరమొచ్చి పోయి ఇయ్యాల్టికి తొమ్మిదేండ్లు. నీ పేరు మీద అన్నదానం చేయించనీకి నాయిన కర్మన్‌ఘాట్ గుడికి పోయిండు. ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్నప్పుడు లావణ్య వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌ల నీ పక్కన కూసున్న విజయవాడ పిల్ల. నువ్వు చదువుమని ఇచ్చిన నోట్‌బుక్కు ఇన్నేండ్లు దాచిపెట్టిందట.

అండ్ల నువ్వు రాసిన కథ ఉంది. మనుషులకు మించిన మెదడున్న పిల్ల కథ. ఎదుటోళ్లు నోరు తెరవకముందే ఏమంటరో దానికి తెలుస్తది. అందుకే అందరు దాన్ని చూసి దూరం జరుగుతరు.

"మాకు ఆదివారం పరీక్ష, సోమవారం మార్కుల వరసలో సీట్లు కదా అక్కా" అంది లావణ్య. "నా పక్కన సీటు రావాలని రమ కావాలనే నాలుగు లెక్కలు తప్పు చేసేది."

ఆ నాలుగు తప్పులు నాకు యాదికున్నయ్. నీ పేపర్ చూసి "ఇది కావాలనే తప్పు చేస్తుంది నాయినా" అని చెప్పింది నేనే. నాయిన మస్తు తిట్టిండు. తర్వాతి వారం నీకు నూటికి నూరొచ్చినయ్. ఫస్టొచ్చినోళ్లకు ముందట ఒంటి కుర్చీ. జరమొచ్చేదాక నువ్వు అండ్లనే కూసున్నవ్. నేను గల్లీ అంతా స్వీట్లు పంచిన.

లావణ్య పోయినంక కథ చివరిదాక చదివిన. ఆ పిల్ల గూడ మనుషుల్ల కలవనీకి కావాలనే తప్పులు చేస్తది. గా గుట్టు వాళ్ల అక్క ఒక్కతే పసిగడ్తది.

నీ కథల అక్క ఎవ్వరికీ చెప్పలే, రమా.