జాలీ గోడ కూల్చిన సోమవారం

వనపర్తి,
బుధవారం

అమ్మకు నవనీత నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమమే. తెలకపల్లిలో నువ్వూ, ఉమేశన్నా, వదినా బాగున్నారనుకుంటాను. ఫోన్లో నీకు సగమే వినబడుతుంది. అందుకే రాస్తున్నాను. నీ మనవరాలు మానస చేత నెమ్మదిగా చదివించుకో.

మోకాళ్ల మందు సంగతి అడిగావు. అన్న దోస్తు చేతికిచ్చి పంపాను, అందే ఉంటుంది. "మా లైబ్రరీ ఎట్లున్నది బిడ్డా?" అని కూడా అడిగావు. నేను ఆ కాలేజీ లైబ్రరీలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నా, "మా లైబ్రరీ" అనే హక్కు నీదే. పదిహేడేళ్ల వయసులో దాని కప్పుకు కాంక్రీటు తట్టలు మోసినదానివి. విసనకర్రలా మడతలు పడిన ఆ పలుచటి కప్పు మధ్యలో ఒక్క స్తంభం లేకుండా నిలబడిన రోజు, హైదరాబాదు ఆర్కిటెక్టు కూలివాళ్లందరినీ దాని కింద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని నువ్వే చెప్పావు. నాన్న పేర్చిన జాలీ గోడలోంచి గాలి వస్తుంటే, మే నెలలో కూడా పిల్లలు ఫ్యాను లేకుండా చదువుకునేవారు.

ఆ గోడ ఇప్పుడు లేదమ్మా.

కాలేజీ కొత్త సెక్రటరీకి మన లైబ్రరీ గోదాములా కనబడిందట. గుమ్మటం, గుండ్రటి స్తంభాలు, ముందు నీలం అద్దాలు కావాలట! మొన్న సోమవారం పొద్దున్నే జేసీబీ వచ్చింది. నేను పరుగెత్తేసరికి గోడ సగం నేలమీద ఉంది.

"ఎవర్ని అడిగి కూలగొడుతున్నరు?" అని అరిచాను.

సెక్రటరీ నవ్వాడు. "మిమ్ములను అడిగినంకనే కద మేడమ్! కాయిదం మీద అందరికన్న ముందుగాల మీ సంతకమే ఉన్నది."

ఆ దుర్మార్గుడు చెప్పింది నిజం.

కప్పు కారుతోందనీ, భవనం ప్రమాదమనీ జూన్‌లో కమిటీ రిపోర్టు రాసింది. అంతకు వారం ముందే అటెండరు యోసేపు పైకెక్కి చూసొచ్చాడు. "కప్పుకేం కాలేదు మేడమ్. నీళ్లు పోయే పైపుల రావిచెట్టు మొలక మొలిచింది, గంతే" అన్నాడు. అది పీకేశాక ఎంత వాన కురిసినా ఒక్క చుక్క రాలేదు. అన్నీ తెలుసు నాకు. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టకపోతే లైబ్రరీ నుంచి తీసేస్తామన్నారు, పెట్టేశాను. మూడు నెలలు నీకు చెప్పకుండా దాచాను. వాళ్ల మీద మండిపోతున్నాను గానీ, అంతకు రెట్టింపు నా మీద నాకే మండుతోంది.

సోమవారం ఆ కూలిన గోడ దగ్గర నుంచి అలాగే, చీర నిండా దుమ్ముతో, కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయాను. "అబద్ధమని తెలిసే సంతకం చేశాను" అని రాసిచ్చాను. సాయంత్రానికి పని ఆపించారు. కప్పు మిగిలింది. నిన్న నా దగ్గర తాళాలు గుంజుకుని నన్ను పరీక్షల విభాగంలో పడేశారు. పడేయనీ!

వచ్చే వారం గురువారం ఇంజనీర్లు కప్పును పరీక్షించడానికి వస్తున్నారు. అందులో ఎంత ఇనుము పడిందో, ఎన్నాళ్లు నీళ్లు పట్టారో చెప్పే కాగితం ఒక్కటీ దొరకలేదు. కళ్లారా చూసిన మనిషివి నువ్వొక్కదానివే మిగిలావు. అన్నను తీసుకుని మొదటి బస్సుకే రా. వాళ్లకు చెప్పాల్సింది చెప్పు. తర్వాత నన్ను తిట్టు. ఇంటికొచ్చాక కాదు, అక్కడే, అందరూ వినేటట్టు తిట్టు.

ఇట్లు,
నీ బిడ్డ
నవనీత