సున్నా పాయింట్ ఏడు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు బాగుచేసిన మన పాత రేడియోను, నేను పాఠం చెప్పే పాలిటెక్నిక్‌లో విప్పి, ఒక ట్రాన్సిస్టర్ సర్క్యూట్‌కు పిల్లలతో లెక్క వేయించాను. ట్రాన్సిస్టర్‌కున్న మూడు కాళ్లలో బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య సున్నా పాయింట్ ఏడు వోల్టులని రాసుకుంటేనే ఆ లెక్క మొదలవుతుంది. ఖిలా వరంగల్‌లోని నీ రేడియో రిపేరు దుకాణంలో మీటరు మీద ఆ అంకె కనబడగానే నువ్వు, "దీనికింక పానమున్నది బిడ్డా, ఫికర్ లేదు" అనేవాడివి. కాలేజీ మొహం చూడని నీకు అదెలా తెలిసిందో!

బేస్‌లోకి వెళ్లే ఇసుమంత కరెంటు, మూడో కాలైన కలెక్టర్‌లో దానికి నూరింతలు నడిపిస్తుందని కాగితం మీద తేలింది. మీటరూ అదే చూపింది. పిల్లలు నోళ్లు తెరిచారు.

నేను మాత్రం మీటరు మొదట చూపిన సున్నా పాయింట్ ఏడు దగ్గరే ఆగిపోయాను. నువ్వు సోల్డర్ చేసిన ట్రాన్సిస్టర్‌ల ఇంకా పానమున్నది బాపూ.