మిద్దె కప్పిన రోజు పాట

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున సమాధి దగ్గరికి రాలేకపోయాను. చర్చి పనిలో ఉన్నాను.

జమ్మలమడుగులో నువ్వు కట్టిన మన చర్చి మిద్దె మొన్నటి వానకు ఒక పక్క కుంగింది. ఆదివారం ఆరాధనకు ముందే సరిచేయాలని సంఘమంతా వచ్చింది. మగవాళ్లు దూలాలెత్తారు. ఆడవాళ్లం వరుసగా నిలబడి మట్టిగంపలు అందించాం. మగ్గం నేసే దేవదానం మామకు ఆయాసం కదా, గంప ఎత్తలేడు. గోడవారన కూర్చుని కీర్తన ఎత్తుకున్నాడు.

నీ దగ్గర పని నేర్చిన జోసెఫన్నే ఇప్పుడు మేస్త్రీ. "పాట పాడితే మిద్దె లేస్తాదా మామా? గమ్మున కూచో" అని పైనుంచి కసిరాడు.

మామ పాట ఆపి, కండువా దులుపుకొని ఇంటిదారి పట్టాడు.

ఆ తర్వాత పని సాగలేదు. పాట వరస లేక చేతులు కలవలేదు, గంపలు జారిపోయాయి. ఒకరినొకరు విసుక్కున్నారు. జోసెఫన్న చూసి చూసి కిందికి దిగాడు. మట్టిచేతులతోనే వెళ్లి సందు మలుపులో మామను ఆపాడు.

"తప్పయిపాయ మామా. నువ్వు లేకుంటే పని జరిగేట్టు లేదు. రా, పాడు."

"నడమ గొంతు పోతే?"

"మేమంతా యాడికి పోతాం? అందుకుంటాంలే."

మామ వచ్చి పాడాడు. ఆయాసపడిన చోటల్లా మేం అందుకున్నాం. పొద్దుగూకేలోపే మిద్దె కప్పాం.

ఆ కసురు మాట జోసెఫన్నకు నీ నుంచే వచ్చింది నాయనా. వెంటపోయి పిలవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. నువ్వు చూసి ఉండాల్సింది.

నీ కూతురు,
రత్నమ్మ